గేటు లోపల సైన్సు, గేటు బయట మీ ఖర్మ

లక్ష డాలర్లు! కొత్త హెచ్‌1బీ వీసాకు 2025 సెప్టెంబరులో ట్రంప్ దొరగారు ఒక్క సంతకంతో కట్టిన రేటు అది. ఎందుకండీ అంటే, మా కొలువులు మా పిల్లలకే అన్నారు. బయటివాళ్లను తెచ్చుకోవడం మానండి, ఇక్కడివాళ్లకు నేర్పించుకోండి అని కంపెనీలకు హితబోధ చేశారు. బాగుంది. కొట్టండి చప్పట్లు. ఇంతకీ ఆ ‘ఇక్కడివాళ్లు’ ఎక్కడ చదువుతున్నారో దొరగారికి తెలుసా?

హార్వర్డులో కాదు. కమ్యూనిటీ కాలేజీల్లో. అమెరికా అంతటా వెయ్యికి పైగా ఉన్న రెండేళ్ల కాలేజీలవి. ప్రవేశ పరీక్షల గొడవ లేదు, ఫీజు తక్కువ. అక్కడ రెండేళ్లు చదివి, తర్వాత యూనివర్సిటీకి మారి నాలుగేళ్ల డిగ్రీ పూర్తి చేయొచ్చు. నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, చిప్పుల ఫ్యాక్టరీలో యంత్రాలు నడిపేవాళ్లు తయారయ్యేది చాలావరకు అక్కడే. పగలు పని, రాత్రి చదువు. మనవాళ్లకు మాత్రం ఆ పేరు చెబితే నామోషీ. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఏ పుట్టినరోజు విందులోనైనా ‘మావాడు కమ్యూనిటీ కాలేజీలో చేరాడండీ’ అని చెప్పి చూడండి. ‘అయ్యో, ఏమైంది వదినా?’ అంటూ పరామర్శకు వస్తారు.

ఆ నామోషీ పడే మనవాళ్ల వీసా ఫీజే ఆ కాలేజీల్లో కొందరికి స్కాలర్‌షిప్పు అవుతోందంటే నమ్ముతారా? 1998లో చేసిన చట్టం అది. హెచ్‌1బీ దరఖాస్తు పెట్టినప్పుడు కంపెనీ కట్టే ఫీజుల్లో ఒకటుంది. పెద్ద కంపెనీకి 1,500 డాలర్లు, చిన్నదానికి 750. అందులో 30 శాతం నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు వెళ్తుంది. సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, లెక్కలు చదివే పేద విద్యార్థులకు దాంతో సాయం చేస్తారు. ఎస్-స్టెమ్ అని ఆ పథకం పేరు. డబ్బు చేతిలో పెట్టి వదిలేయడం కాదు, పక్కన ఒక మెంటారు ఉండాలి, తోడుగా నడిచే బృందం ఉండాలని అందులో షరతు. అంటే గుంటూరు కుర్రాడి కాగితాల మీద, కరీంనగర్ అమ్మాయి కాగితాల మీద వసూలైన సొమ్ముతో టెక్సాస్‌లో ఏ ట్రక్కు డ్రైవరు కూతురో కెమిస్ట్రీ చదువుకుంటోంది. అత్త సొమ్ము, అల్లుడి దానం!

మరి ఈ కొత్త లక్షలో ఆ కూతురి వాటా ఎంత? ప్రకటన చదవండి. ఆమె గురించి ఒక్క ముక్క లేదు. పైగా లక్షకు భయపడి కంపెనీలు దరఖాస్తులు తగ్గిస్తే, ఆమెకు అందే ఆ 30 శాతమూ తగ్గుతుంది. మా పిల్లల కోసమే అంటూ మా పిల్లల కంచంలోదే లాగేయడం! ఇంత తెలివి ఎవరికొస్తుంది చెప్పండి?

సరే, ఆ అమ్మాయి రోజు ఎలా గడుస్తుందో ఊహించండి. ఉదయం దుకాణంలో కౌంటరు. మధ్యాహ్నం ల్యాబు. ల్యాబు కోటు, కళ్లజోడు ఆమే కొనుక్కోవాలి. ఇంట్లో పప్పూ ఉప్పూ నిండుకున్నాయి. ప్రభుత్వం ఇచ్చే ఆహార సాయం ఉంది కదా, స్నాప్ అంటారు, దానికి దరఖాస్తు పెడదామనుకుంది. నిబంధన ఏమిటి? కాలేజీ విద్యార్థివా? అయితే చంటిపిల్లల తల్లివో, మరో మినహాయింపులో పడేదానివో అయితే తప్ప, వారానికి 20 గంటలు పనిచేసి చూపించు. అప్పుడు తిందువుగాని. ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎప్పుడు చదవాలి? పడుకున్నప్పుడా? ఆకలి తీరాలంటే చదువు మానాలి, చదువు సాగాలంటే ఆకలి మానాలి. ఈ రూలు రాసిన మహానుభావుడు ఏ కాలేజీలో చదివాడో కనుక్కోవాలనుంది.

ఇది నా అక్కసు అనుకుంటారేమో. అక్కడి ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థే 2024లో చెప్పింది. తిండికి కటకటలాడుతూ, స్నాప్‌కు అర్హత ఉండొచ్చనిపించే విద్యార్థుల్లో 59 శాతం మందికి ఆ సాయం అందడం లేదట. సగానికి పైగా! ఇది పథకమా, పేపరు మీద ముగ్గా?

చంటిపిల్లల తల్లి అయితే మినహాయింపు ఉందన్నారుగా అంటారు. ఉంది. ఆ చంటిపిల్లను క్లాసు జరిగే గంటలో ఎవరెత్తుకోవాలి? కాలేజీ ఆవరణలోనే డేకేర్ నడపడానికి ఒక కేంద్ర పథకం ఉంది. ఏడాదికి 7.5 కోట్ల డాలర్లు. 2026 బడ్జెట్ ప్రతిపాదనలో దానికి దొరగారు పెట్టింది గుండుసున్నా. ఇంట్లో తొలిసారి కాలేజీ గడప తొక్కే పిల్లలకు ట్యూటర్లనూ సలహాదారులనూ ఇచ్చే ట్రియో పథకానికీ అదే గుండుసున్నా. 1960ల నుంచి నడుస్తున్న పథకం కదా, పాతబడిపోయిందట. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధుల్లో సగానికి పైగా కోత. ప్రతిపాదనే కదా, కాంగ్రెస్ ఒప్పుకోవాలి కదా అంటారా? ఏటా మెడ మీద కత్తి వేలాడుతుంటే ఏ ట్యూటరు ఆ ఉద్యోగంలో ఉంటాడు? అదీగాక 2025 ఏప్రిల్ నుంచి ఆ ఫౌండేషన్ వెయ్యికి పైగా గ్రాంట్లను నడిమధ్యలో రద్దు చేసింది. అది ప్రతిపాదన కాదు, జరిగిపోయిన పని. అందరికంటే గట్టిగా దెబ్బ తగిలింది సైన్సు బోధన విభాగానికే. మన ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిల భాగోతం చూసినవాళ్లకు ఇదేం వింత కాదనుకోండి.

డబ్బు లేదా? ఎందుకు లేదు! అరిజోనాలో చిప్పుల ఫ్యాక్టరీ కట్టే తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీకి 660 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆ డేకేర్ పథకానికి ఎనభై రెట్లు పైమాటే. ఇచ్చింది బైడెన్ హయాంలో, కాబట్టి ఆ పార్టీవాళ్లు ముసిముసిగా నవ్వుకోనక్కర్లేదు. ఫ్యాక్టరీకి మనుషులు కావాలి కదా అని ఫీనిక్స్ ప్రాంతపు కమ్యూనిటీ కాలేజీలు 2022లో ఒక శిక్షణ మొదలుపెట్టాయి. ఎన్నాళ్లు? పది రోజులు. ఫొటోలు దిగారు, ప్రసంగాలు దంచారు. మరుసటి ఏడాదే కంపెనీ ఏమంది? ఇక్కడ నిపుణులు సరిపోవడం లేదు, తైవాన్ నుంచి పంపుతాం, ఉత్పత్తి ఆలస్యమవుతుంది అంది. పది రోజుల్లో అంతకంటే ఎవరు తయారవుతారు? ఊరగాయ అయినా ఊరొద్దూ?

మాటలకైతే లోటు లేదు. 1947లోనే ట్రూమన్ వేసిన సంఘం కమ్యూనిటీ కాలేజీ చదువు ఉచితం చేయమంది. 2015లో ఒబామా టెనసీ వెళ్లి, రెండేళ్లు ఉచితం అన్నారు. బైడెన్ కూడా అన్నారు. ఆయన ఇంటావిడ స్వయంగా కమ్యూనిటీ కాలేజీ పంతులమ్మ! 2022 ఫిబ్రవరిలో ఆవిడే ఆ కాలేజీల పెద్దల ముందు నిలబడి, బిల్లులోంచి ఆ ముక్క తీసేశారని చెప్పుకోవాల్సి వచ్చింది. పంతులమ్మకే దిక్కు లేకపోతే పిల్లలకెక్కడ?

ఫలితం? ఈ కాలేజీల్లో చేరేవాళ్లలో పదికి ఎనిమిది మంది నాలుగేళ్ల డిగ్రీ కావాలనే వస్తారు. ఆరేళ్లు గడిచేసరికి ఆ పట్టా చేతికొచ్చేది దాదాపు 16 శాతానికి. మిగతావాళ్లు మొద్దులా? యూనివర్సిటీకి మారేటప్పుడు చదివిన క్రెడిట్లు చెల్లవంటారు. కాలేజీ మారే విద్యార్థి సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకుంటున్నాడని 2017లో అదే తనిఖీ సంస్థ తేల్చింది. అదే కాల్క్యులస్, అదే పుస్తకం, మళ్లీ ఫీజు. పట్టపగలు దోపిడీకి ఇంకేం కావాలి?

పోనీ మందు తెలియదా అంటే, తెలుసు. 2007లోనే న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ కనిపెట్టింది. ఏశాప్ అని పేరు. ఏమిస్తారు? మెట్రో కార్డు. పుస్తకాల ఖర్చు. మిగిలిన ఫీజు మాఫీ. విద్యార్థిని పేరు పెట్టి పిలిచే తీరిక ఉన్న ఒక సలహాదారు. అంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? లాటరీ తీసి కొందరికి ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పరీక్షించారు. మూడేళ్లలో గట్టెక్కినవాళ్లు ఒకవైపు 22 శాతం, సాయం అందినవైపు 40. తలకు ఖర్చు పెరిగింది, నిజమే. పట్టా ఒక్కింటికి లెక్కేస్తే తగ్గింది. ఒహాయోలో చేసి చూశారు, అక్కడా పనిచేసింది. మరి దేశమంతా ఎందుకు లేదు? రిబ్బను కత్తిరించడానికి భవనం ఉండాలిగా! మెట్రో కార్డుకు శిలాఫలకం ఎలా వేస్తారు?

ఇక పాఠం చెప్పేవాళ్ల సంగతి. ఈ కాలేజీల అధ్యాపకుల్లో దాదాపు మూడింట రెండొంతులు పార్ట్‌టైమే. చాలామందికి గది ఉండదు, క్లాసు బయట గడిపే గంటకు జీతం ఉండదు. పొద్దున ఒక కాలేజీ, సాయంత్రం ఇంకోటి. డౌటు ఉందని ఆ అమ్మాయి వెనకాలే వస్తే, పార్కింగులో కారు డిక్కీ మీద కాగితం పరిచి లెక్క చేసి చూపించాలి. అమెరికా సైన్సు భవిష్యత్తు ఆ డిక్కీ మీద నడుస్తోంది.

రేపో మాపో ఏ కంపెనీ అధిపతో శ్వేతసౌధం విందులో కూర్చుని ‘మనవాళ్లలో నిపుణులు దొరకడం లేదు సార్’ అంటాడు. దొరగారు తలూపుతారు. ఫీజు ఇంకో లక్ష పెంచుదామా అనుకుంటారు. పోయినేడు ఎంతమందికి బస్సు పాసు కొనిచ్చారయ్యా అని ఆ ఇద్దరినీ అడిగే మొనగాడు ఆ గదిలో ఉంటాడా?