అయ్యగారి ట్యాబ్లెట్: పరిచర్యను సులువు చేసే ఏడు చిట్కాలు

సంఘకాపరి చంకలో నల్ల అట్ట బైబిల్ కనిపించే రోజులు పోయాయి. పుల్పిట్ మీద పది అంగుళాల ట్యాబ్లెట్ వెలుగుతుంటే తప్ప ఇప్పుడు వాక్యానికి బరువు రావడం లేదు. కొత్తగా ట్యాబ్లెట్ కొన్న అయ్యగార్ల కోసం ఈ చిట్కాలు. క్రమం తప్పకుండా పాటిస్తే పరిచర్యలో మనుషులతో పని చాలావరకు తగ్గిపోతుంది.

1. బైబిల్ యాప్

ముందుగా యూవెర్షన్ వేసుకోండి. 2008 నుంచీ ఉన్న యాప్, పైసా ఖర్చు లేదు, తెలుగు బైబిల్ కూడా ఉంది. వరసగా ఎన్ని రోజులు తెరిచారో లెక్క చూపిస్తుంది. తెరిస్తే చాలు, చదివారా అని అడగదు. వాక్యభాగాన్ని ముందుగా గుర్తుపెట్టి ఉంచుకునే సౌకర్యం జోలికి మాత్రం పోకండి. పుల్పిట్ ఎక్కాకే వెతకాలి. ఫిలిప్పీయులకు 4:13 కోసం 'ఫి' కొట్టి, తొందరలో ఫిలేమోను నొక్కారనుకోండి. ఆ పత్రికలో ఉన్నది ఒక్కటే అధ్యాయం, నాలుగోది దొరకదు. కంగారు పడకుండా కళ్లు మూసుకుని, "ఆత్మ నడిపింపు మారింది" అనండి. సంఘం ఆమేన్ అంటుంది.

2. మూలభాషల యాప్

బ్లూ లెటర్ బైబిల్‌లో పదం పక్కన స్ట్రాంగ్స్ నంబరు వస్తుంది. నంబరు ముందు 'జీ' ఉంటే గ్రీకు, 'హెచ్' ఉంటే హెబ్రీ. ఈ తేడా మీకు అక్కర్లేదు. ఆదికాండం చెబుతున్నా "గ్రీకు మూలంలో చూస్తే" అని మొదలుపెట్టండి. ముందు వరసలో కూర్చున్న రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ముఖం చిట్లిస్తే, ఆ పదాన్ని మరోసారి గట్టిగా పలకండి.

3. ప్రసంగాలు రాసిపెట్టే ఏఐ యాప్

శనివారం రాత్రి పదకొండింటికి అడిగినా మూడు పాయింట్లు, ఒక ముగింపు ఇచ్చేస్తుంది. మీ సంఘంలో సగం మంది రొయ్యల చెరువుల మీద బతుకుతున్నారనీ, ఈ ఏడు వైరస్ తగిలి చెరువులు పోయాయనీ దానికి చెప్పకండి. చెబితే ప్రసంగం వాళ్లకి తగిలే ప్రమాదం ఉంది. మంచులో చిక్కుకున్న ప్రయాణికుడి కథే ఇవ్వనివ్వండి. మే నెలలో భీమవరం జనానికి వినడానికి చల్లగా ఉంటుంది. ఒక్కోసారి ఆ యాప్ "హిజ్కియా 3:12" అని కూడా రాసిస్తుంది. హిజ్కియా యూదా రాజు, 66 పుస్తకాల్లో ఆయన పేరుతో ఏదీ లేదు. అయినా ధైర్యంగా చదివేయండి. దొరకనివాళ్లు తమ ఫోన్లనే అనుమానిస్తారు.

4. వాక్యం బొమ్మలు తయారుచేసే యాప్

రోజూ తెల్లవారుజామున సూర్యోదయం బొమ్మ మీద వాక్యం వేసి స్టేటస్ పెట్టండి. వాక్యం కంటే మీ ఫోటో పెద్దదిగా ఉండాలి. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్న మాటో చూడకండి. ఆశీర్వాదం ఉందా లేదా, అదే ముఖ్యం. ఉదాహరణకు యోబు 8:7. పెళ్లి శుభలేఖల మీదా, కొత్త షాపు ప్రారంభాల్లోనూ మనవాళ్లకు ఎంతో ఇష్టమైన అభివృద్ధి వాగ్దానం అది. ఆ మాట అన్నది బిల్దదు. పిల్లలందర్నీ ఒక్కరోజే పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న స్నేహితుణ్ణి ఓదార్చడానికి వచ్చి, ఆ పిల్లలు తమ పాపం వల్లే పోయి ఉంటారని మూడు వచనాల ముందే సూచించిన పెద్దమనిషి. అతని మీదా, మిగతా ఇద్దరు స్నేహితుల మీదా దేవుడు కోపపడ్డ సంగతి 42వ అధ్యాయంలో ఉంటుంది. అంతదూరం స్క్రోల్ చేసే తీరిక ఎవరికుంది?

ఇంకా పెద్ద ఆశీర్వాదం కావాలంటే లూకా 4:7 చూడండి. సర్వం ఇచ్చేస్తానన్న మాట అది. ఇస్తానన్నవాడు సాతాను, అదొక్కటే చిన్న ఇబ్బంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏటి వాగ్దానంగా ఇస్తే, గోడకు తగిలించుకునేవాళ్లు కూడా ఉంటారు.

5. ప్రార్థన మనవుల వాట్సాప్ గ్రూపు

ఎవరు ఏ మనవి చెప్పినా వెంటనే గ్రూపులో పెట్టండి. ఆరాధన అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ "మీకొక్కరికే చెబుతున్నా అయ్యగారూ" అన్నారంటే విషయం బరువైనదని అర్థం. బరువైన విషయానికి ఎక్కువమంది ప్రార్థించాలి కదా. పేరు మాత్రం రాయకండి, బాగుండదు. "నీళ్ల ట్యాంకు వీధిలో మిషను కుట్టుకునే ఒక సహోదరి, భర్త తాగుడు, ఆయన తాకట్టు పెట్టిన పుస్తెలతాడు" అని గుట్టుగా పెట్టండి. గ్రూపులో 1024 మంది దాకా పడతారు. సాయంత్రానికల్లా ఆ భర్త పనిచేసే చోటికి కూడా మనవి చేరుతుంది.

చేతులు జోడించిన బొమ్మలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి, అన్ని ప్రార్థనలు జరిగాయని ఆమెకు ఫోన్ చేసి చెప్పండి. ఆమె ఎత్తదు. వచ్చే ఆదివారం గుడికి కూడా రాదు. విశ్వాసంలో వెనకబడిందన్నమాట. అదీ ఒక మనవిగా పెట్టండి.

6. కానుకల క్యూఆర్ కోడ్

సంచి తిప్పే రోజుల్లో ఎవరెంత వేశారో తెలిసేది కాదు. క్యూఆర్ కోడ్‌తో పాటు, డబ్బు పడగానే పైకి చెప్పే స్పీకరు పెట్టె కూడా తెప్పించి మైకు పక్కనే పెట్టండి. "ఐదువేల రూపాయలు అందాయి" అన్న మాట సంఘమంతా వింటే భక్తి పెరుగుతుంది. కుడిచెయ్యి, ఎడమచెయ్యి అంటూ ఎవరైనా మత్తయి 6 తీస్తే, అప్పటికి యూపీఐ రాలేదని చెప్పండి. రెండు కాసులు వేసిన విధవరాలి గురించి ప్రసంగించే రోజున మాత్రం పెట్టె ఆపేయండి. మధ్యలో "పది రూపాయలు అందాయి" అని వినబడితే ఆ వేసినామె తల ఎత్తుకోలేదు, మీరూ పాయింటు మర్చిపోతారు.

7. సభ్యుల వివరాల యాప్

పేర్లు, పుట్టినరోజులు ఒకసారి ఎక్కించేస్తే శుభాకాంక్షలు వాటంతటవే వెళ్తాయి. ఇక ఇళ్ల దర్శనానికి తిరగక్కర్లేదు. యాప్‌కి తెలియని సంగతి ఒక్కటే, మరణం. మార్చిలో మీరే సమాధి చేసిన తాతగారి నంబరుకి జూన్‌లో దీర్ఘాయుష్షు దీవెన వెళ్తుంది. ఆ ఫోన్ ఇప్పుడు మామ్మగారి దగ్గర ఉంటుంది. ఆవిడ జవాబు పెట్టకపోతే ఏమీ అనుకోకండి, టైపు చేయడం రాదేమో.

ఎదురయ్యే ఇబ్బందులు

ఆరాధన మధ్యలో చార్జింగ్ అయిపోతే: పాట ఎత్తుకోండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చరణాలకు కొదవ లేదు. చార్జర్ వచ్చేదాకా పాడించవచ్చు.

ప్రొజెక్టరు మీద మీ వాట్సాప్ సందేశం ప్రత్యక్షమైతే: ఈఎంఐ గురించైతే నవ్వేయండి. ఐదో చిట్కాలోని సహోదరి గురించైతే వైరు పీకేయండి.

అర్ధరాత్రి ఎవరైనా తలుపు తడితే: ఆన్‌లైన్‌లో మనవి పంపే ఫారం ఉందని కిటికీలోంచి చెప్పండి.

పెద్ద అక్షరాల బైబిల్ పట్టుకొచ్చే మామ్మగారితో ఇబ్బందైతే: దీనికింకా పరిష్కారం రాలేదు. మీరు యాప్‌లో గాలిస్తుండగానే ఆవిడ ఓబద్యా తీసి, ఉన్న 21 వచనాలూ చదివేసి, మీ వైపు చూస్తూ కూర్చుంటుంది. హిజ్కియా ఎక్కడుందని అడిగేది కూడా ఆవిడే. మిషను కుట్టే అమ్మాయి ఇంటికి వెళ్లి, విన్నది కడుపులోనే దాచుకుని వచ్చేది కూడా ఆవిడే. సంఘం ఆవిడనే పాస్టరనుకోక ముందే ఆవిడకి కూడా ఒక ఫోన్ కొనిపెట్టండి.