‘ముట్టుకోకు’ పండగ

ఈసారి మా ఇంట్లో క్రిస్మస్ చెట్టు నడుం పైన పెళ్లికూతురు, నడుం కింద సన్యాసిని. గంటలు, మెరుపు బంతులు, బంగారు తీగలు, అట్టముక్క దేవదూతలు అన్నీ పై రెండడుగుల్లోనే కిక్కిరిసి, పండగ ముందు రోజు పల్లెవెలుగు బస్సు ఫుట్‌బోర్డు మీద జనంలా వేలాడుతున్నాయి. కిందంతా ఉత్త ఆకుపచ్చ ప్లాస్టిక్కు. వచ్చినవాళ్లు కాసేపు తేరిపార చూసి, “ఇదేమన్నా కొత్త ఫ్యాషనా అండీ?” అంటున్నారు. ఫ్యాషనూ లేదు, పాడూ లేదు. అది సరిహద్దు రేఖ. మా అమ్మాయికి రెండేళ్ల ఎనిమిది నెలలు. మునివేళ్ల మీద నిలబడి చెయ్యి చాస్తే సరిగ్గా అక్కడిదాకా అందుతుంది. పీట వేసుకునే తెలివి ఇంకా రాలేదనే లెక్కతో గీసిన రేఖ అది. ఆ లెక్క డిసెంబరు నాలుగో తారీఖున తప్పింది. ఆ తర్వాత ఇంట్లో పీటలన్నీ అటకెక్కాయి.

మా మావయ్యగారు చిన్నప్పుడు బాపట్ల వైపు నుంచి సరుగుడు కొమ్మ తెప్పించి, బకెట్లో ఇసక పోసి నిలబెట్టేవారట. ఈ చెట్టు ముచ్చట అసలు జర్మనీ వాళ్లది. 1848లో విక్టోరియా రాణిగారి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ ఒకటి లండన్ పత్రికలో అచ్చయ్యాక ఇంగ్లీషువాళ్లలో అందరికీ పాకింది, దొరల వెంట మనదాకా వచ్చింది. ఆ బొమ్మ నేను చాలాసార్లు చూశాను గానీ, అందులో అసలు విషయం ఈ ఏడే కంటబడింది. చెట్టుని బల్ల మీద పెట్టారు! అప్పటికి ఆరుగురు పిల్లల తల్లి కదా, ఆవిడకి తెలియక చేస్తుందా? సామ్రాజ్యం ఎంత పెద్దదైనా చెట్టు మాత్రం పిల్లలకి అందకుండా ఉండాల్సిందే.

మాకు అంత పెద్ద బల్ల లేదు. అందుకని రోజూ పొద్దున్నే చెట్టు కట్టడం, సాయంత్రానికి నేల మీద ఏరుకోవడం. మెదక్‌లో ఉంటున్న మా ఆడపడుచు వీడియో కాల్‌లో వాళ్ల చర్చి చూపించి, “పదేళ్లు కట్టారు వదినా, 1924 క్రిస్మస్ రోజునే ప్రతిష్ఠ చేశారు” అని ఏటా చెప్పే మాటే మళ్లీ చెప్పింది. పదేళ్లయినా ఒక్కసారి కట్టి వదిలేశారు కదమ్మా, అదృష్టవంతులు.

చెట్టు మీద మంచు కూడా వెయ్యాలి. గుంటూరు వాళ్లకి మంచంటే పత్తే. ఇంకో రకం మంచు మేం ఫ్రిజ్జు పై అరలో తప్ప చూడలేదు. మిట్టమధ్యాహ్నం ఫ్యాను వేసుకుని, కొమ్మ కొమ్మకీ పత్తి అతికిస్తుంటే ఎవరికీ నవ్వు రాదు. మా అమ్మాయి మాత్రం ఆ మంచుని గుప్పెడు పీకి నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, మొహం చిట్లించి, మిగిలింది మా ఆయన నోట్లో పెట్టబోయింది. పాపం, పంచుకునే గుణం ఉంది పిల్లకి.

ఇక నక్షత్రం. బజార్లో ఎల్‌ఈడీ దీపాలతో రంగులు మార్చే ప్లాస్టిక్ నక్షత్రాలు బోలెడన్ని దొరుకుతుంటే, మా మావయ్యగారు ససేమిరా అన్నారు. వెదురు బద్దలు తెచ్చుకుని, చాకుతో నున్నగా చెక్కి, దారంతో కట్టి, రంగు కాగితాలు అంటించడానికి మైదా పిండి ఉడికించమని నన్ను పురమాయించి, మూడు సాయంత్రాలు కూర్చున్నారు. మూడో సాయంత్రం లోపల బల్బు పెట్టి స్విచ్చి వేశారు. ఎర్ర కాగితంలోంచి వెలుతురు గదంతా పాకింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసేలోపల ఓ పిడికిలి కాగితంలోంచి లోపలికెళ్లి బల్బుని పట్టుకోబోయింది. “చిట్టితల్లీ, ముట్టుకోకూ!” అని నలుగురం ఒకేసారి అరిచాం. పిల్ల జడుసుకుని చెయ్యి వెనక్కి లాగింది; చేతితో పాటు నక్షత్రం ఒక కొమ్ము కూడా వచ్చింది. ఇప్పుడు మా వాకిట్లో వేలాడేది నాలుగున్నర కొమ్ముల నక్షత్రం. ఆ అరకొమ్ముకి పాత క్యాలెండరు కాగితం మాసిక పడింది.

ఆ రాత్రి పడుకున్నాక లెక్క వేసుకున్నాను. పండగేమో ఓ పసిబిడ్డ పుట్టాడని. ఆ సంబరానికి ఇంట్లో ఉన్న పసిబిడ్డని పొద్దున లేచింది మొదలు ఎన్నిసార్లు “ముట్టుకోకు” అన్నామా అని. ముప్పై దాటాక నిద్ర పట్టేసింది.

పశువుల పాక దగ్గర ఈ మాట వాడకం ఇంకా పెరిగింది. మట్టిబొమ్మల సెట్టు కొన్నాం: మరియ, యోసేపు, బాలయేసు, ఆవు, గాడిద, రెండు గొర్రెలు, ఒక కాపరి, ముగ్గురు జ్ఞానులు. ఇలా పాక కట్టి చూపించడం 1223లో ఇటలీలో గ్రెచ్చో అనే ఊళ్లో ఫ్రాన్సిస్ అనే సన్యాసి మొదలుపెట్టాడంటారు. ఆయన నిజం ఎద్దుని, నిజం గాడిదని తెచ్చి కట్టేశాడు. తెలివైనవాడు; వాటిని ఏ పిల్లా జేబులో వేసుకుపోలేదు. మా ఇంట్లో రెండో రోజుకే ముగ్గురు జ్ఞానుల్లో ఒకాయన కనపడకుండా పోయాడు. సోఫా కింద చూశాం, బియ్యం డబ్బాలో చూశాం, మా ఆయన బూట్లలో చూశాం. పిల్లనడిగితే “టాటా వెళ్లాడు” అంది. అంతకుమించి వాంగ్మూలం ఇవ్వలేదు.

మావయ్యగారు మనవరాలి తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. “అసలు ముగ్గురని ఎవరు చెప్పారు? మత్తయి సువార్త తీసి చూడండి. జ్ఞానులు వచ్చారని ఉంది గానీ ఎంతమందో లేదు. కానుకలు మూడు, అంతే. ఇద్దరు మోసుకొచ్చి ఉండొచ్చు.”

అత్తయ్య కజ్జికాయ అంచు నొక్కుతూ తలెత్తకుండానే అంది: “ముగ్గురికి డబ్బులిచ్చాం, ముగ్గురుండాలి. మత్తయి ఇచ్చాడా డబ్బులు?”

వాదన అక్కడితో వాయిదా పడింది. జంతికలు మాడుతున్నాయి.

ఇళ్లలో పరిస్థితి ఇలా ఉండగా బయట సెమీ క్రిస్మస్‌లు ముంచుకొచ్చాయి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: సెమీ క్రిస్మస్ అంటే అసలు క్రిస్మస్ రాకముందే చేసుకునే క్రిస్మస్. ఆఫీసులో ఒకటి, అపార్ట్‌మెంట్లో ఒకటి, యౌవనస్తులది, స్త్రీల సమాజానిది, ప్లేస్కూలుది, మా వార్డు నాయకుడిది. నాయకుడు కేకు కోసి మొదటి ముక్క పాస్టరు అయ్యగారి నోట్లో పెడుతూ, కెమెరా వైపు తిరిగి అలాగే నిలబడిపోతాడు. ఫొటో బాగా వచ్చిందని ఎవరో చెప్పేదాకా పాపం అయ్యగారు నోరు మూయడానికి లేదు. ఈ ఏడు మేం పదకొండు సెమీలకి హాజరయ్యాం. సెమీ అంటే సగం కనక, అసలు పండగ రాకముందే ఐదున్నర క్రిస్మస్‌లు అయిపోయాయి. పదకొండింటా పిల్లకి ఒకటే మాట చెప్పాం. “ఏసయ్య బర్త్‌డే అమ్మా!” ఆ మాట ఎంత ప్రమాదకరమో అప్పుడు తెలియలేదు.

క్యారల్స్ సంగతి కూడా చెప్పుకోవాలి. పదిహేడో తారీఖు రాత్రి పిల్లని జోకొట్టడం తొమ్మిదికి మొదలుపెడితే పదకొండున్నరకి పడుకుంది. ఒంటిగంటా నలభైకి మా గుమ్మం ముందు ఆటో ఆగింది. అందులో కీబోర్డు, డ్రమ్ము, రెండు తాంబూరీన్లు, నా ఎత్తు స్పీకరు. వాళ్లు ఎత్తుకున్నది ‘సైలెంట్ నైట్’ పాట తెలుగులో. పసిబిడ్డ నిద్రపోతున్నాడు, రాత్రి ప్రశాంతంగా ఉంది అని ఆ పాట భావం. 1818లో ఆస్ట్రియాలో ఒబెర్న్‌డార్ఫ్ అనే ఊరి చర్చిలో క్రిస్మస్ ముందు రాత్రి దాన్ని మొదటిసారి పాడినప్పుడు ఉన్నవి రెండు గొంతులు, ఒక గిటారు. అయినా పాట ప్రపంచమంతా వినపడింది. మా యౌవనస్తులు మాత్రం నల్లపాడు దాకా వినపడితే గానీ ఊరుకోలేదు.

చరణం పూర్తికాకముందే పిల్ల లేచి కూర్చుంది. ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చాను. అప్పుడు గుంపులోంచి బయటికొచ్చాడు క్రిస్మస్ తాత. ఎర్ర శాటిన్ అంగీ, పొట్టకి దిండు, గులాబీ బుగ్గల ప్లాస్టిక్ మొహం, కళ్లున్నచోట రెండు నల్ల కన్నాలు. చాక్లెట్టు చాపుతూ మొహం మీద మొహం పెట్టాడు. మా అత్తయ్య ఏడాది పొడుగునా “తినకపోతే బూచాడొస్తాడు” అని చెప్పి పెరుగన్నం తినిపించిన పిల్ల అది. రానే వచ్చాడు, అదీ అర్ధరాత్రి, డ్రమ్ములతో! పిల్ల గుక్కపట్టి, నోరు బార్లా తెరిచి అతనికి లోపలంతా చూపిస్తూ “ఆం తినేశా! ఆం తినేశా!” అని ఒకటే కేకలు. తాత వేషం వేసిన కుర్రాడు బెదిరిపోయి మాస్కు తీసేశాడు. చూస్తే మా పక్కింటి డిగ్రీ కుర్రాడు. అసలు తాతకి మూలమైన నికొలాసు బిషప్పు రాత్రిపూట చడీచప్పుడు లేకుండా వచ్చి డబ్బు మూట పడేసి పోయేవాడని కథ. మావాళ్లు చందా పుస్తకం తీశారు.

ఇక చర్చిలో నాటిక. సండే స్కూలు నాటికలో పాత్రల పంపకం మంత్రివర్గ విస్తరణ లాంటిది. మరియమ్మ పాత్ర కోశాధికారిగారి మనవరాలికి, గాబ్రియేలు కార్యదర్శిగారి అబ్బాయికి ముందే ఖాయం. హేరోదు వేషం ఎవరూ అడగరు కాబట్టి దాన్నొక్కదాన్నే ప్రతిభ చూసి ఇస్తారు. మాకు సంఘంలో ఏ పదవీ లేదు. మా అమ్మాయికి గొర్రె వచ్చింది. మాటల్లేవు. పాక పక్కన కూర్చుని, బుద్ధి పుడితే “మే” అనాలి. పాత బనీనుకి చెట్టు మీది మంచు పీకి అతికించి వేషం కట్టాం.

తప్పు ఎక్కడ జరిగిందంటే, చర్చి వాళ్ల బాలయేసు బొమ్మకి కాలు ఊడిపోయిందని టీచరమ్మ మా ఇంట్లో పాపాయి బొమ్మ అడిగి పట్టుకెళ్లింది. ఆ సంగతి బొమ్మ యజమానికి చెప్పడం అందరం మర్చిపోయాం.

తెర లేచింది. గొర్రె తన చోట కూర్చుంది. ఫోన్లన్నీ పైకి లేచాయి. గొర్రె తొట్టిలోకి తొంగి చూసింది. “నా పాపాయి!” అంటూ నాలుగు కాళ్ల వేషం వదిలి రెండు కాళ్ల మీద లేచి నిలబడింది. ఆరో తరగతి యోసేపు కర్తవ్యం గుర్తొచ్చి బొమ్మ కాలు పట్టుకున్నాడు. గొర్రె తల పట్టుకుంది. మరియమ్మ “మమ్మీ” అని ఏడుపు లంకించుకుంది. గొర్రె గెలిచింది. బొమ్మని భుజాన వేసుకుని, స్టేజీ అంచున చతికిలబడి, వీపు తడుతూ “జోజో” మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే జ్ఞానులు రావాల్సిన పాట వచ్చింది. పాటతో పాటు వాళ్లకీ రాక తప్పలేదు. మొదటి ఇద్దరూ నేర్పింది నేర్పినట్టు ఖాళీ తొట్టి ముందు మోకరించి బంగారం, సాంబ్రాణి గడ్డిలో పెట్టి వెళ్లిపోయారు. పెద్దయ్యాక ఇద్దరూ ప్రభుత్వోద్యోగాల్లో రాణిస్తారు. మూడోవాడు మాత్రం ఆగాడు. తొట్టి చూశాడు, చుట్టూ చూశాడు, బిడ్డ ఎక్కడుందో కనిపెట్టాడు. తిన్నగా వెళ్లి గొర్రె ముందు మోకరించి బోళం డబ్బా ఇచ్చాడు. అది బంగారు కాగితం చుట్టిన ఫోన్ చార్జరు పెట్టె. గొర్రె కాగితం చించి, మూత తీసి, లోపలికి చూసి, తిరగేసి దులిపి, ఎదురుగా ఉన్న మైకులో చెప్పింది.

“ఏం లేదు!”

చివరి బెంచీ దాకా వినపడింది. ఆ తర్వాత ముఖ్య అతిథిగారి సందేశం నలభై ఐదు నిమిషాలు సాగింది. సారాంశం మా అమ్మాయి ముందే చెప్పేసింది.

ఇంత జరిగాక ఇరవై నాలుగు రాత్రి ఆరాధనకి వెళ్లకుండా ఉండాల్సింది. వెళ్లాం. దీపాలార్పి, అయ్యగారు వెలిగించిన కొవ్వొత్తి నుంచి ఒకరి తర్వాత ఒకరు వెలిగించుకుంటూ చర్చంతా వెలుగు నింపడం మా దగ్గర ఆనవాయితీ. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. మా వరసలో పన్నెండు కొవ్వొత్తులు వెలిగేసరికి పిల్లకి నెల్లాళ్ల బోధ అంతా తలకెక్కింది. బర్త్‌డే అన్నారు, కొవ్వొత్తులు వచ్చాయి. మా ఆయన చంకలోంచి వంగి, బుగ్గలు పూరించి, నాది ఊదింది, అత్తయ్యది ఊదింది, ముందు బెంచీలో ముసలాయనది ఊదింది, “హ్యాపీ బర్త్‌డే” అందుకుంది. చీకట్లో ఎవరో పిల్లలు చప్పట్లు కొట్టారు. మా వరసకి రెండోసారి దీపం అందించడానికి వచ్చిన పెద్దాయన పైకి ఏమీ అనలేదు గానీ, కొవ్వొత్తిని మాత్రం తన తల కన్నా ఎత్తులో పట్టుకుని వచ్చారు.

పండగ అయిపోయింది. కేకులు ఇంకా అయిపోలేదు. ఇచ్చినవాళ్లకే తిరిగి పోకుండా అత్తయ్య ఏది ఎవరిదో డబ్బాల మీద చీటీలు అంటిస్తోంది. నిన్న పాక విప్పబోతే మావయ్యగారు వద్దన్నారు. సంప్రదాయం ప్రకారం జ్ఞానులు బిడ్డని చూడ్డానికి వచ్చిన పండగ జనవరి 6 అట. అప్పటిదాకా మూడో ఆయనకి గడువుంది. ఇది రాస్తుంటే మావయ్యగారు చీపురు పుల్లతో ఫ్రిజ్జు కింద కెలుకుతున్నారు. పక్కనే బోర్లా పడుకుని మనవరాలు కూడా తొంగి చూస్తోంది. ఇప్పటికి ఒక గొర్రె, మూడు శనగలు, నా చెవి దిద్దు దొరికాయి.