ఎనిమిదో నది

నందికొట్కూరు మీదుగా సంగమేశ్వరం వెళ్లే భక్తులారా, అక్కడ కలిసేవి ఏడు నదులని మనకు తెలుసు. ఎనిమిదోదాన్ని మనమే కలుపుతున్నాం: క్యారీబ్యాగులు, షాంపూ పొట్లాలు, కర్పూరం డబ్బాలు, మునకేశాక ఒడ్డునే వదిలేసిన పాలిస్టర్ పంచెలు. ఒంటి మీది గుడ్డ వదిలితే పాపం వదులుతుందట. పాపం సంగతేమో గానీ, పాలిస్టర్ మాత్రం కృష్ణమ్మను వదలదు.

అసలే స్వామికి ఇల్లు సగం అద్దెది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అది నిండే నాటికి గుడి నీళ్లలో ఉంటుంది, ఎండలు ముదిరే వేళకు తేలుతుంది. తేలగానే మనం సంచులతో దిగుతాం.

గర్భగుడిలో ఉన్నది వేప మొద్దు లింగం. ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఏటా నెలల తరబడి నీళ్లలో నానుతున్నా చెక్కుచెదరలేదని చేతులు జోడిస్తాం. స్వామీ, మా పాలిథిన్ కవరూ అంతే! దానికీ ఓ ప్రదక్షిణ చేయాల్సిందే.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని కేంద్రం 2022 జులై 1 నుంచి నిషేధించింది. ఆ ఉత్తర్వు ఘాట్ మెట్లు దిగేలోపే కాలుజారినట్టుంది. నల్లమల దారిలో శ్రీశైలం నడిచే శివభక్తుల వెనక నీళ్ల సీసాలూ నడుస్తాయి. అది పెద్దపులుల అభయారణ్యం. పులికి మాత్రం దీక్షా నియమాలు ఎవరూ చెప్పలేదు, అయినా చెత్త వేయదు.

కృష్ణా పుష్కరాలు 2028లో. ఈసారి ఇంటి నుంచి గుడ్డసంచి తెచ్చుకోండి, తడిబట్టలు అందులోనే ఇంటికి తీసుకుపోండి.