కె.సి. చెప్పుకొనిన కథ

నేనొక హద్దురాతిని. ఆళ్లగడ్డ శిల్పులయొద్ద నా తోడి శిలలు కొన్ని గరుత్మంతులై, కొన్ని ద్వారపాలకులై దేవాలయములకు తరలిపోగా, నా నుదుట కె.సి. యను రెండక్షరములు చెక్కి, నంద్యాలకును ఆళ్లగడ్డకును నడుమ కాలువగట్టున నన్ను పాతిరి. మొదటిది కర్నూలునకు, రెండవది ఆంగ్లేయులు వ్రాసిన తీరున కడపకు గుర్తు. సుంకేసులయొద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, 1863 మొదలు 1870 వరకు మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీవారు త్రవ్వించిన యీ కాలువ సుమారు 306 కిలోమీటర్లు సాగి కడపసీమను చేరును. పడవలకును పైరులకును ఉపకరింపవలెనని తలపెట్టిన యీ పని కంపెనీవారికి లాభింపకపోగా, 1882లో ప్రభుత్వమే దానిని కొనినది.

నా నీడన కూర్చుండినవారు మాత్రము నన్ను తమతమ విద్యలనుబట్టి చదువుచుందురు. పాత రేడియోలు బాగుచేయువానికి నేను కిలోసైకిలును. 1960లో ఆ కొలతకు హెర్ట్జ్ అను పేరు అంతర్జాతీయముగా స్థిరపడినను ఆ రేడియోల పలకలపై నేనే మిగిలితిని. న్యాయశాస్త్రము చదివినవానికి బ్రిటిషురాజు నియమించు పెద్ద న్యాయవాదిని; రసాయనవిద్యార్థికి సమతాస్థిరాంకమును.

వీనియన్నిటికంటె నాకు ప్రియమైన యర్థము వ్యవసాయశాస్త్రజ్ఞులది. 1906 నుండి నంద్యాలలో పరిశోధనాక్షేత్రము వెలసియుండుటచే ఈ గట్టున వారి మాట వినబడుట సహజమే. ప్రామాణికమైన పచ్చికనేల యొకదినమున ఎంత నీటిని గాలిలోనికి విడుచునో, దానితో పోల్చి పైరు ఏ వయస్సున ఎంత విడుచునో తెలుపు గుణకమునకు వారిడిన గుర్తు కె.సి. వరికి నడివయస్సున అది ఇంచుమించు 1.2; అనగా పచ్చిక అయిదు మిల్లీమీటర్ల నీరు కోరుదినమున వరి ఆరు కోరును, నేలలో నింకునది వేరు. ఎగువ రైతు ఏ పైరు పెట్టెనో దానినిబట్టియే దిగువకు మిగులు నీరు నిర్ణయమగును గనుక, ఆ చిన్న గుణకములో ఈ పెద్ద కాలువ యదృష్టము దాగియున్నదని నేనెరుగుదును.

మరియొక 'సి' చేర్చినచో కాలువ కార్యాలయమున నేను కాలువనే. బ్యాంకులోనన్ననో 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డును. ఒకే రైతు, ఒకే ఉదయమున, ఆ మూడక్షరములను రెండర్థములతో పలుకుట నేను వినియున్నాను: నీరు వచ్చిననే పంట, పంట వచ్చిననే యప్పు తీరుట. కార్డుపై నిచ్చిన పెట్టుబడి కాలువలో నీరు రాని యేట రైతు మెడకు గుదిబండయగును. అక్షరములు పంచుకొనిన యీ రెండును ఒకదానినొకటి విడిచి మనజాలవు.

తుంగభద్ర సన్నగిల్లిన యేడు శ్రీశైలపు నీరు బనకచర్లమీదుగా వచ్చి ఆదుకొనును. అప్పుడు కాలువ నీటిని చూచుకొను లస్కరు కనబడినచో చాలు, "నీళ్లిడిసినారంటనా అన్నా?" యని రైతులు చుట్టుముట్టుదురు. నంద్యాలయొద్ద నీరు పారినంతనే కె.సి.కి నీరు వచ్చెనని లోకము చెప్పుకొనును. నేనట్లనజాలను. నా రెండవ యక్షరము కడపది. ఆ చివరి తూము క్రింది మడి తడియువరకు కాలువకు నీరు వచ్చినదనుట నాకు సమ్మతము కాదు.