మా వంటింటి లటాకియా

పైపు కాల్చే దొరలకు ఒక ప్రత్యేకమైన దిగులుంటుంది. అలవాటైన పొగాకు మిశ్రమాన్ని కంపెనీ ఆపేస్తే ఇక వాళ్ళను ఓదార్చడం ఎవరితరమూ కాదు. లండన్ వారి బాల్కన్ సొబ్రానీ ఆగిపోయాక పాత డబ్బాల కోసం దేశాలు గాలించారు. దొరికిన డబ్బా మూత తీసి, కళ్ళు మూసుకుని, ఎండు రేగుపండు, గుర్రపు జీను, గుళ్ళో సాంబ్రాణి అంటూ వాసనలూ రుచులూ ఏకరువు పెట్టారు. జీను రుచి వీళ్ళకెలా తెలిసిందో అడిగినవాడు లేడు.

గిద్దలూరులో మా తాత చుట్టల మిశ్రమం కూడా ఆగిపోయింది. దానికి సంతాపం తెలిపే దొర ఎవరూ లేరు గనక ఆ బాధ్యత నేనే తీసుకుంటున్నాను.

తాతకు నాటు పొగాకు తప్ప మరొకటి గిట్టేది కాదు. 1970లో మమ్మల్ని కర్నూలు జిల్లా నుంచి తీసి ఒంగోలు వైపు కలిపారు గానీ, పొగాకు వరకు ఆ విలీనాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఆ వైపు పొదిలి, కొండపి వేలానికి పోయే వర్జీనియా ఆకును బ్యారన్‌లో కాలుస్తారు. అక్కడ గొట్టాల గుండా వేడి మాత్రమే లోపల తిరుగుతుంది, పొగంతా బయటికి పోతుంది. ఆకు బంగారు రంగు తేలి, కంపెనీ కంటికి నదరుగా కనిపిస్తుంది. ఈ సంగతి ఎవరో వివరిస్తే తాత ముక్కు మీద వేలేసుకున్నాడు. "పొగ తగలకపోతే అది పొగాకెట్లయితదిరా?"

ఆయన పద్ధతి వేరు. కొన్న ఆకుకు బెల్లం నీళ్ళు చిలకరించి, గోనెపట్టాలో చుట్టి నాలుగురోజులు మగ్గబెట్టేవాడు. తర్వాత జడలల్లి వంటింటి వాసాలకు, సరిగ్గా పొయ్యి మీదుగా వేలాడదీసేవాడు. కింద అవ్వ కందికంపతో, అది అయిపోతే చిల్లకంపతో వంట. పైన ఆకు నల్లబడుతూ ఉండేది.

సిరియాలో లటాకియా అనే రేవు పట్నం ఉంది. ఆ పేరుతోనే ఒక నల్లని పొగాకు ఉంది. ఎండిన ఆకును కట్టెల పొగలో వారాల తరబడి ఉంచితే ఆ నలుపు, ఆ ఘాటు వస్తాయి. ఒక ఏడు అమ్ముడుపోని ఆకును రైతులు ఇంటి దూలాలకు కట్టారనీ, చలికాలమంతా పొయ్యి పొగ పట్టి ఆ రుచి పుట్టిందనీ ఒక కథ చెబుతారు. బాల్కన్ సొబ్రానీకి ప్రాణం ఈ లటాకియానే. అంటే దొరలు డబ్బా పట్టుకుని ఏడ్చిన వాసన మా ఇంట్లో పప్పు గిన్నెకు పైన వేలాడిందన్నమాట.

రుచి సంగతి నేను సాధికారంగా చెప్పగలను. పొయ్యిలో నిప్పుకు చుట్ట ముట్టించి తెచ్చే ఉద్యోగం నాదే. ఆరకుండా తేవాలంటే దారిలో ఒక పట్టు లాగక తప్పదు, అది ఉద్యోగ ధర్మం. మొదట కందికంప పొగ తగిలేది. వెనకాలే బెల్లం. సగం కాలేసరికి ఎండుమిరపకాయల తాలింపు ముక్కుపుటాల్లోకి ఎక్కేది. దసరా వెళ్ళాక దించిన జడలో బూరెల నూనె. పీక దగ్గరికొచ్చేసరికి ఘోరమైన చేదు. ఆ చేదు కోసమే మిగతాదంతా కాల్చేది అని తాత సిద్ధాంతం. సరుకు నాణ్యత మీద ఆయన నిఘా ఎప్పుడూ ఉండేది. "ఏమే, ఈ వారం కాకరకాయ ఎన్నిసార్లు చేసినావు?" అని చుట్ట నోట్లోంచి తీయకుండానే విచారణ జరిపేవాడు.

కోనన్ డాయిల్ 1890 నాటి 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో షెర్లాక్ హోమ్స్ 140 రకాల పొగాకు బూడిదల మీద పుస్తకం రాశానని గొప్పలు పోతాడు. ఆ సందర్భంలో మన లంక చుట్టనూ తలుచుకుంటాడు. గోదావరి లంకల దాకా వచ్చిన పెద్దమనిషి ఇంకాస్త ముందుకొచ్చి నల్లమల అంచు దాకా చూసి ఉంటే లెక్క 141 అయ్యేది. అయినా మా తాత చుట్ట విషయంలో బూడిద చూసి పట్టుకోవాల్సిన పనిలేదు. దగ్గు విని పట్టుకోవచ్చు.

ఈ మిశ్రమాన్ని ఆపింది ఏ కంపెనీ కాదు, రాష్ట్ర ప్రభుత్వం. 1999లో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళకు గ్యాస్ కనెక్షన్లు. మా అమ్మ సంఘంలో ఉంది, మా వంతూ వచ్చింది. సిలిండర్ దిగిన రోజు వీధి వీధంతా వచ్చి నీలిమంట చూసింది. తాత మాత్రం వాసాల వైపు చూశాడు. నిప్పు లేనిదే పొగ రాదని విన్నాడు గానీ, పొగ రాని నిప్పుంటుందని ఆయనకెవరూ చెప్పలేదు.

తర్వాత ప్రయోగాలు సాగాయి. జడను పక్కింటి వంటింట్లో కట్టించాడు, రెండు నెలలకు వాళ్ళకూ సిలిండర్ వచ్చింది. పెరట్లో నీళ్ళకాగు పొయ్యి మీద కట్టాడు. ఆ పొయ్యిలోకి సైకిల్ టైరు దగ్గర్నుంచి పాత చెప్పుల దాకా అన్నీ పోతాయి, చుట్టలోకీ అవే వచ్చాయి. చివరికి బస్టాండు దగ్గర చుట్టల కట్ట కొన్నాడు. ఒకటి ముట్టించి, "ఇది ఒట్టి ఆకు" అని తీర్పు చెప్పి, కట్టంతా కాల్చాడు.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని, మళ్ళీ కట్టెల పొయ్యి పెడితే ఎంత బాగుంటుందో ఊళ్ళోవాళ్ళకు వర్ణిస్తున్నాడు. లోపల అవ్వ వింటోంది. ఆ పొగ ఇన్నేళ్ళూ చుట్ట లేకుండానే పీల్చిన మనిషి. కళ్ళు తుడుచుకోకుండా ఒక పూట అన్నం వార్చి ఎరగదు.

"పెట్టుకోవయ్యా, నేనొద్దంటినా?" అంది గడప దాకా వచ్చి. "కాకపోతే కంప మోసుకొచ్చేదీ నువ్వే, ఊదేదీ నువ్వే. మీద నీ పొగాకు ఎట్లాగూ ఉంటాది గదా, కింద ఇంత కూర కూడా చేసిపెట్టు."