కల్లం దాకా రావలసిన లెక్క: ఓ పసుపు కొమ్ము ఆత్మకథ

ఈ కథ చెబుతున్నది దుగ్గిరాల మార్కెట్ యార్డులో, గోతాంలో ఉన్న ఓ పసుపు కొమ్ము. తన కథే అయినా, దాని ధ్యాసంతా ఓ లెక్క మీదే ఉంది.

పుట్టింది కొల్లిపర వైపు కృష్ణా నది లంక నేలలో. విత్తు నాటాక తొమ్మిది నెలలకు తవ్వకానికొచ్చింది. తల్లి దుంప కాయ, పక్కన వేళ్లలా సాగినవి కొమ్ములు. యార్డులో దేని ధర దానిదే.

అసలు పరీక్ష తవ్వాకే. ముప్పావు గంట నుంచి గంట దాకా ఉడికించారు. నురుగు పొంగింది, తెల్లటి ఆవిరితో పాటు పసుపు వాసన గుప్పుమంది. రైతు పుల్లతో గుచ్చి చూసి దించాడు. ఉడుకు చాలకపోతే కొమ్ము పెళుసెక్కుతుంది, మించితే రంగు చెడుతుంది. ఆపైన కల్లం మీద 10 నుంచి 15 రోజుల ఎండ. తేమ 10 శాతం లోపుకు దిగితేనే నిల్వకు పనికొస్తుంది.

ఆ ఎండలో జరిగేది సమీకరణాలకు అందుతుంది. పైపై నీరు త్వరగా ఆరిపోతుంది. లోపలి తేమ మాత్రం మెల్లగా బయటికి పాకాలి. లావు రెట్టింపైతే లోపలి తేమ రావడానికి దాదాపు నాలుగింతల సమయం పడుతుంది. లావు, వేడి, గాలి వివరాలిస్తే ఎన్నాళ్లకు ఆరుతుందో కంప్యూటర్ ముందే అంచనా కడుతుంది.

మరి ఏ పద్ధతి మేలు? ఉడికే సమయం, కొమ్ము లావు, ఆరబెట్టే వేడి, పరిచే పొర: నాలుగు విషయాలు, ఒక్కోదానికి మూడు స్థాయిలు. అన్నీ కలిపి చూడాలంటే 81 ప్రయోగాలు. ఏ రైతుకు కుదురుతుంది?

ఇలాంటి చిక్కు విప్పినవాడు తెలుగువాడే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన సి.ఆర్.రావు 1940లలో ఆర్థోగోనల్ అర్రేలనే ప్రయోగ పట్టికలకు రూపమిచ్చారు. ఆ పట్టిక ప్రకారం 9 ప్రయోగాలతోనే ఒక్కో అంశం ప్రభావం విడిగా తెలుస్తుంది. అంశాలు ఒకదాన్నొకటి మార్చే తీరు ఇందులో పూర్తిగా బయటపడదు కనుక, చివర మరో ప్రయోగంతో సరిచూసుకోవాలి. జపాన్ ఇంజనీరు గెనిచి టగుచి ఇలాంటి పట్టికలనే ఫ్యాక్టరీల్లో నాణ్యత పెంచే పనిముట్టుగా మలిచారు. రావు గారికి 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి దక్కింది.

2016లో దేశంలో ఈ-నామ్ అనే ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ మొదలైంది, దుగ్గిరాల యార్డూ అందులో చేరింది. వేలం తెర మీదికొచ్చింది గానీ, ధరను నిర్ణయించే రంగు, తేమ తేలేది ఉడకబెట్టే చోట, కల్లం మీద. ఆ తొమ్మిది ప్రయోగాల లెక్క అక్కడికి రావాలి.

బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. అక్కడి పరిశోధకులకు ఈ కొమ్ము విన్నపం ఒక్కటే: వచ్చే సీజన్‌లో ఓ రైతు కల్లం మీద ఆ తొమ్మిది ప్రయోగాలు చేసి, ఫలితాన్ని తెలుగులో రాసి, దుగ్గిరాల యార్డు గేటు దగ్గర అతికించండి.