నేను బయాప్సీ బ్లాకును

నేను మైనపు దిమ్మెను. ఆసుపత్రుల్లో నన్ను బ్లాకు అంటారు. పులివెందుల పక్కన చీనీ తోటల ఊరి పిల్లోడి మెడ గడ్డ నాలో ఉంది. ప్రొద్దుటూరులో దాన్ని కోసి తీసి, ఫార్మాలిన్‌లో ఉంచి, వేడి మైనంలో పొదిగారు.

ఆ పిల్లోడికి నేను రెండో బ్లాకును. మొదటిసారి గడ్డ లేచినప్పుడు ఒకచోట సూదితో మాత్రమే చూసి, టీబీ అని నెలల తరబడి మాత్రలు మింగించారు. నిజానికి అది హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్. ఆ గడ్డలో క్యాన్సర్ కణాలు నూటికి ఒకటో రెండో ఉంటాయి, మిగతావి చుట్టూ చేరిన మామూలు కణాలే. సూదికి ఆ ఒక్కటి చిక్కకపోవచ్చు. తర్వాత గడ్డను కోసి తీస్తేగానీ రోగం తేలలేదు. కీమో పూర్తయి ఏడాది తిరక్కముందే గడ్డ మళ్లీ లేచింది.

"మళ్లీ కోయాల్నా సార్?" అన్నాడు వాళ్ల నాయన. కోయాల్సిందే. పెట్ స్కాన్‌లో క్యాన్సరే కాదు, టీబీ గడ్డా మెరుస్తుంది. నన్ను 3, 4 మైక్రాన్ల పొరలుగా కోసి రంగులద్దితే గుడ్లగూబ కళ్లలాంటి జంట కేంద్రకాల కణం బయటపడింది. 1898లో స్టెర్న్‌బర్గ్, 1902లో డొరతీ రీడ్ వర్ణించిన కణం అదే.

జమ్మలమడుగు నుంచి వచ్చిన జేజి "తిరగబెట్టిన రోగానికి మందు యాడుంది నాయనా" అని ఏడ్చింది. ఉంది జేజీ. ఈ క్యాన్సర్ తిరగబెట్టినా చాలామంది పిల్లలను నయం చేయవచ్చు.

నాయన నన్ను సంచిలో పెట్టుకుని వేలూరు సీఎంసీకి బస్సెక్కాడు. అక్కడ 1986 నుంచి మూలుగ మార్పిడి చేస్తున్నారు. ముందు ఐఫాస్ఫమైడ్, కార్బోప్లాటిన్, ఇటోపొసైడ్ కలిపి ఎక్కిస్తారు. రోగం లొంగితే పిల్లోడి మూలకణాలనే రక్తం నుంచి తీసి గడ్డకట్టించి దాస్తారు. పెద్ద మోతాదు కీమో ఇచ్చాక వాటిని తిరిగి ఎక్కిస్తారు. రక్తకణాలు కోలుకోవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అందరికీ మార్పిడి అక్కర్లేదు, ఆలస్యంగా, కొద్దిగా తిరగబెట్టినవాళ్లలో కొందరికి మందులూ రేడియేషనూ చాలు.

మందులకు లొంగని రోగానికీ దారులున్నాయి. నా పొరల్లో క్యాన్సర్ కణాల మీది సీడీ30 అనే గుర్తుకు రంగు పట్టింది. బ్రెంటుక్సిమాబ్ అనే మందు ఆ గుర్తును పట్టుకుని కణంలోకి విషాన్ని చేరుస్తుంది. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ ఒంటి రక్షణ కణాలకు పడిన కళ్లెం విప్పుతాయి. ఖరీదైన మందులు, నిజమే. ఏ పథకంలో వస్తాయో మొదటిరోజే అడగాలి. ఈడొచ్చిన మగపిల్లల వీర్యం దాచే సంగతి కూడా కొత్త కీమోకు ముందే అడగాలి. సిగ్గుపడి ఇళ్లలో ఎవరూ ఆ మాట ఎత్తరు.

అమ్మల్లారా, నాయనల్లారా, పెద్దాసుపత్రికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. స్లైడ్లతో పాటు బ్లాకును కూడా అడిగి తీసుకెళ్లండి.